అధ్యాపకుని అధ్యయనము

మన సంప్రదాయమున ఆచార్యుని స్థానము మిక్కిలి ఉన్నతమైనది. శ్రీవైష్ణవులమగు మనకు ఆచార్యసంబంధము లేనిదే భగవత్సంబంధము లేదు. ఇట్టి గౌరవభావమున పెరిగిన మన మనస్సులలో, మనకు తెలియకుండగనే, ఒక తలంపు నాటుకొని యున్నది. గురువు ఇచ్చువాడే కాని పుచ్చుకొనువాడు కాడనియు, చెప్పువాడే కాని వినువాడు కాడనియు ఆ తలంపు. బడిలో పాఠము చెప్పు ఉపాధ్యాయుని శిక్షణతరగతికి రమ్మని పిలిచినప్పుడు ఆయనకు కలుగు చిన్నతనమునకు మూలమిదియే. “ఇన్నేండ్లు చెప్పిన నాకు ఇప్పుడెవరు చెప్పవలెను?” అని పలువురు లోలోపల అనుకొందురు. నేనును అట్లు అనుకొన్నవాడనే.

కావున ఈ విషయమున రెండు ప్రశ్నలను విచారింపదలచితిని. విద్య ముగించి ఉపాధ్యాయపదవి పొందినవాడు మరల నేర్వవలసిన ధర్మము కలదా? కలదన్నచో, అట్లు నేర్చుటకు వలయు కాలమును, ధనమును, మర్యాదను సమకూర్చు భారము ఎవరిది?

మొదటి ప్రశ్నకు శ్రుతియే సమాధానము చెప్పుచున్నది. తైత్తిరీయోపనిషత్తునందలి శీక్షావల్లిలో ఋతము, సత్యము, తపస్సు, దమము, శమము, అగ్నిహోత్రము, అతిథిపూజ మొదలుగా పండ్రెండు ధర్మములు చెప్పబడినవి. వానిలో ప్రతిదాని వెంటను స్వాధ్యాయప్రవచనములు అను జంట మరల మరల వచ్చుచుండును. స్వాధ్యాయమనగా తాను చదువుకొనుట. ప్రవచనమనగా ఇతరులకు చెప్పుట. పండ్రెండు మారులు చెప్పియు శ్రుతి ఈ రెండింటిని ఒక్కమారైనను విడదీయలేదు. ద్వంద్వసమాసముగా ఒక్క పదమున బంధించి యుంచినది. ఆ జంటలోనైనను చదువుకొనుటయే ముందు, చెప్పుట వెనుక. అనువాకాంతమున ముగ్గురు ఋషుల మతములు కలవు. సత్యమే ప్రధానమని ఒకరు, తపస్సే ప్రధానమని ఒకరు అనగా, ముద్గలుని కుమారుడగు నాకుడు స్వాధ్యాయప్రవచనములే చాలునని, అవియే తపస్సని నిర్ణయించెను.

ఇంతకంటె విశేషమొకటి కలదు. అదే వల్లిలో, వేదాధ్యయనము ముగించి ఇంటికి పోవు శిష్యునకు ఆచార్యుడు చేయు అనుశాసనమున, ఈ రెండింటి యెడ ఏమరుపాటు వలదను హెచ్చరిక వచ్చుచున్నది. ఆ హెచ్చరిక ఎవరికి? ఇంకను చదువుచున్న బాలునకు కాదు, చదువు పూర్తియైనవానికి. చదువు పూర్తియైన దినముననే స్వాధ్యాయము విధిగా మొదలగుచున్నదని దీని తాత్పర్యము.

ఇది నాకు కంఠస్థమే. పండ్రెండేండ్ల వయస్సుననే శీక్షావల్లిని స్వరముతో చెప్పగలిగితిని. అయినను దీని అర్థము నాకు అనుభవమునకు వచ్చుటకు నలుబది యేండ్లకు పైగా పట్టినది. ఆ వృత్తాంతమును దాచక చెప్పుట నా ధర్మము.

నేను ఎనిమిదవ యేట పాఠశాలలో చేరితిని. గురువుగారు ఒకమారు చెప్పగా మేము రెండుమారులు అనుచుంటిమి. దీనినే సంత యందురు. పుస్తకము చేతికి రాకమునుపే శబ్దములు, ధాతువులు, అమరము నోటికి వచ్చినవి. పిదప పరీక్షలలో ఉత్తీర్ణుడనై ఒక ఉన్నత పాఠశాలలో సంస్కృత పండితుడనుగా కుదిరితిని. అచ్చట గంటకొక తరగతి. తరగతికి నలుబది యేబదిమంది పిల్లలు. సంతకు అవకాశము లేదని తలచి, అందరివలె నేనును పుస్తకము తెరిపించి చదివించుటకు అలవాటుపడితిని.

1990 ప్రాంతమున ఎనిమిదవ తరగతిలో ఒక బాలుడుండెను. పుస్తకము చేతికిచ్చి చదువుమన్నచో వానికి చెమటలు పట్టెడివి. నాగరలిపిలో భకారమును మకారమని, ఘకారమును ధకారమని చదువును. తెలుగులోనైనను పకారవకారములు వానికి తారుమారు. పదము నడుమ ఆగి, మొదటికి వచ్చి, మరల ఆగును. తక్కిన పిల్లలు నవ్వుచుండిరి. నేను వారిని మందలింపక వానిని మందలించితిని. ఒక్కొక్క పాఠమును ఇరువదేసి మారులు వ్రాయించితిని. వ్రాసినకొలదియు తప్పులు పెరిగినవే కాని తరుగలేదు.

ఆ యేడు ధనుర్మాసమున ఒక వేకువజామున మా ఊరి కోవెలకు పోయితిని. గోష్ఠిలో పెద్దల వెనుక ఈ బాలుడు నిలుచుండి తిరుప్పావై పాశురములను ఒక్క అక్షరము తడబడక అనుసంధించుచుండెను. పుస్తకము చేత లేదు. పెద్దలు అనగా విని పట్టుకొన్నదే. ఆ సమయమున నాకేమి తోచవలెను? వీనికి ధారణ కలదు, మార్గము వేరుగా నున్నదని తోచవలెను. నాకట్లు తోచలేదు. “వీనికి బుద్ధి కలదు, అయినను చదువడు, ఇది సోమరితనమే” అని నిశ్చయించితిని. మరునాడు తరగతిలో అందరియెదుట, “నీకు ఇష్టమైనది నేర్చుకొందువు, నేను చెప్పినది నేర్చుకొనవు, నీకు సంస్కృతము రాదు, పో” అంటిని. ఆ బాలుడు మారుపలుకలేదు. పై యేడు సంస్కృతమును మానెను. తరువాత బడియే మానెనని వింటిని.

ఇరువది యేండ్లకు పైగా గడచినవి. పదవీవిరమణకు ఇంక కొద్దికాలమే యున్నదనగా నన్నొక శిక్షణతరగతికి పంపిరి. చెప్పునది నా కుమార్తె యీడు ఉపాధ్యాయిని. నేను వెనుక వరుసలో కూర్చుండి, హాజరుపట్టికలో చేవ్రాలు చేసి, కాలము గడపుదమని తలచితిని. ఆమె మాకందరకును ఒక్కొక్క కాగితమును పంచెను. అందు తెలుగు వాక్యములే యున్నవి. అయితే అక్షరములు కొన్ని తలక్రిందులుగను, కొన్ని ఒకదానికి బదులొకటిగను, పదముల నడుమ ఎడము తప్పియు అచ్చువేయబడి యున్నవి. రెండు నిమిషములలో పైకి చదువుమని ఆమె మొదట నన్నే అడిగెను. నేను లేచితిని. మొదటి పంక్తి దాటలేకపోతిని. ఆగితిని, మొదటికి వచ్చితిని, మరల ఆగితిని. వెనుకనుండి ఎవరో నవ్విరి. అరువదికి చేరువైన నాకు నుదుట చెమట పట్టినది.

“తొందరలేదు మాస్టారూ, కూర్చోండి. కొందరు పిల్లలకు ప్రతి పుస్తకం ఇలాగే కనిపిస్తుంది” అని ఆమె మెల్లగా అనెను.

దీనిని డిస్లెక్సియా అందురని, బుద్ధిమాంద్యముతో దీనికి సంబంధము లేదని, చెవికి అందిన ధ్వనిని కంటికి కనబడు అక్షరముతో కలుపుటలోనే ఇట్టి పిల్లలకు చిక్కు కలదని ఆమె వివరించెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున అభ్యసన వైకల్యములను కూడ చేర్చిరని చెప్పెను. విరామసమయమున నేను ఆమె వద్దకు పోయి, “అమ్మా, అట్టి పిల్లవానికి ఏమి చేయవలెను?” అని అడిగితిని. “ముందు విననివ్వండి మాస్టారూ. విన్నది నోటితో అననివ్వండి. తరువాత ఒక్కొక్క ధ్వనికీ ఒక్కొక్క అక్షరం, నెమ్మదిగా, ఎన్నిమార్లయినా. అందరిముందూ చదవమని మాత్రం నిలబెట్టకండి” అని ఆమె బదులు చెప్పెను.

ముందు విననిచ్చుట, పిదప అననిచ్చుట! ఇది మా గురువుగారి సంతయే కదా. నా బాల్యమున నన్ను విద్వాంసునిగా చేసిన పద్ధతియే కదా. నా సొత్తును నేను మరచితిని. దానిని నాకు మరల ఇచ్చినది నాకంటె ముప్పదేండ్లు చిన్నదగు ఉపాధ్యాయిని. ఆ రాత్రి నిదుర పట్టలేదు. ధనుర్మాసపు చీకటిలో విన్న ఆ కంఠమే చెవిలో మ్రోగినది.

ఇందు నాకు లోపించినదేమి? వ్యాకరణము లోపింపలేదు. కావ్యపరిచయము లోపింపలేదు. తెలియుట వేరు, తెలియజెప్పుట వేరు. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున గణదాసహరదత్తులను ఇద్దరు నాట్యాచార్యులు ఎవరు అధికులని వాదులాడుకొందురు. ఆ పరీక్ష వారి నాట్యముచేత కాక, వారు తీర్చిన శిష్యుల నాట్యముచేత జరుగవలెనని నిర్ణయమగును. ఉపాధ్యాయుని విద్యకు గీటురాయి శిష్యుడే. వైద్యుడు క్రొత్తవిషయము తెలిసికొననిచో రోగి బాధపడును. ఉపాధ్యాయుడు తెలిసికొననిచో శిష్యుడు బాధపడును. పైగా రోగి తన బాధను పైకి చెప్పుకొనును. బాలుడు తప్పు తనదేయని నమ్మి తలవంచుకొని పోవును. కావుననే ఉపాధ్యాయుని అజ్ఞానము ఆయన సొంతనష్టము మాత్రమే కాదు. ఆ ఋణమును తీర్చునది మరియొకడు, అందును చిన్నవాడు.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. గురువు మరల శిష్యుడై కూర్చుండినచో శిష్యులకు ఆయనయందు గౌరవము తగ్గదా? ఈ శంకకు పూర్వుల నడవడియే సమాధానము. ఛాందోగ్యమున శ్వేతకేతువు పాంచాలుర సభకు పోగా, ప్రవాహణుడను రాజు ఐదు ప్రశ్నలు వేసెను. ఒక్కదానికిని అతడు బదులు చెప్పలేక, తండ్రివద్దకు వచ్చి, అన్నియు నేర్పితినని చెప్పి పంపితివే అని నిష్ఠురములాడెను. తండ్రి ఆరుణి మహావిద్వాంసుడు. అయినను రాజుపై కోపింపలేదు, కుమారునియొద్ద దాచలేదు. తనకును అవి తెలియవని ఒప్పుకొని, తానే బయలుదేరి ఆ రాజునొద్ద శిష్యుడయ్యెను. దీనివలన ఆయన గౌరవము తగ్గినదా? ఉపనిషత్తులలో ఆరుణి పేరు నేటికిని నిలిచియున్నది.

భగవద్రామానుజుల చరిత్రయో మనకు మరింత సన్నిహితము. మహాపూర్ణులు, గోష్ఠీపూర్ణులు, మాలాధరులు, వరరంగులు, శ్రీశైలపూర్ణులు అను ఐదుగురు ఆచార్యులను వారు ఆశ్రయించిరి. శ్రీరంగమున ఆచార్యపీఠమును అధిష్ఠించి వేలకొలది శిష్యులుండగనే, తిరుపతికి వచ్చి, శ్రీశైలపూర్ణుల వద్ద సంవత్సరకాలము శ్రీమద్రామాయణమును కాలక్షేపము చేసిరి. నేడు మనము కొండయెక్కుటకు ముందు నిలుచు ఆ ఊరిలో, ఆచార్యులలో అగ్రగణ్యుడు శిష్యుడై కూర్చుండెనని తలచుకొన్నచో ఒడలు పులకించును. మాలాధరుల విషయము ఇంకను విచిత్రము. వారు తిరువాయ్మొళి చెప్పుచుండగా రామానుజులు కొన్ని పాశురములకు వేరర్థములను విన్నవించిరి. మాలాధరులు కినిసి పాఠము నిలిపివేసిరి. అప్పుడు గోష్ఠీపూర్ణులు వచ్చి, ఆ అర్థములు యామునాచార్యులు సెలవిచ్చినవేనని తెలుపగా, మాలాధరులు సంతోషించి పాఠమును మరల సాగించిరి. చెప్పువారు శిష్యునివలన తెలిసికొనిరి. ఇరువురిలో ఎవరికి లోటు వచ్చినది? మన గురుపరంపరను అనుసంధించునప్పుడు గమనింపుడు. అందు శిష్యుడు కాని ఆచార్యుడు ఒక్కడును లేడు. ఆ పరంపరకు మొదటివాడగు సర్వేశ్వరుడైనను కృష్ణావతారమున సాందీపని యింట సమిధలు మోసి చదువుకొనెను.

అయితే నేర్పించువారికిని ధర్మము కలదు. శిక్షణతరగతులపై ఉపాధ్యాయులకు గల విసుగు అంతయు అహంకారమని కొట్టివేయరాదు. ఎచ్చటనో తయారైన పాఠమును, విను వారెవరో ఎరుగక, అందరకును ఒకేమూసగా వల్లించుట కలదు. అనుభవజ్ఞులను పసివారివలె చూచుట కలదు. చేవ్రాళ్ల లెక్కయే శిక్షణయని తృప్తిపడుట కలదు. 2017లో ‘దీక్ష’ అను పేర అంతర్జాల వేదిక ఏర్పడినది. 2019లో ‘నిష్ఠ’ అను పేర దేశమంతట సుమారు 42 లక్షలమంది ఉపాధ్యాయులను ఉద్దేశించి శిక్షణ మొదలైనది. రెండును గొప్ప పేర్లు. కాని సెల్‌ఫోనులో పాఠము తనపాటికి తాను నడచుచుండగా ఉపాధ్యాయుడు పరీక్షపత్రములు దిద్దుకొనుచు, చివరకు ధ్రువపత్రమును పొందినచో, అది దీక్షయు కాదు, నిష్ఠయు కాదు.

పెద్దలకు ఎట్లు చెప్పవలెనో ఛాందోగ్యమే చూపినది. ప్రాచీనశాలుడు మొదలగు ఐదుగురు గృహస్థులు, మహాశ్రోత్రియులు, వైశ్వానరాత్మను తెలిసికొనగోరి ఉద్దాలక ఆరుణి యొద్దకు వచ్చిరి. తాను సంపూర్ణముగా చెప్పజాలనని ఎరిగి, ఆయన వారితో కలిసి కేకయరాజగు అశ్వపతి వద్దకు పోయెను. అశ్వపతి చేసిన పనులు మూడు గమనింపదగినవి. మొదట వచ్చినవారికి వేరువేరుగా పూజ చేయించెను. రెండవది, వారు సమిధలతో వచ్చినను, ఉపనయనవిధి లేకయే చెప్పెను. అనగా వారిని క్రొత్తశిష్యులుగా చూడలేదు. మూడవది, తాను చెప్పుటకు ముందు, నీవు దేనిని ఆత్మగా ఉపాసించుచున్నావని ఒక్కొక్కరిని అడిగెను. ఒకరు ద్యులోకమనిరి, ఒకరు సూర్యుడనిరి, ఒకరు వాయువు, ఒకరు ఆకాశము, ఒకరు జలము, ఆరుణి పృథివి యనిరి. ఆ సమాధానములలో దేనిని ఆయన అసత్యమని త్రోసివేయలేదు. ఒక్కొక్కటియు వైశ్వానరుని ఒక్కొక్క అంగమని చూపి, అంగమునే సమస్తమని భ్రమింపవలదని చెప్పి, ఆరింటిని కలిపి పూర్ణస్వరూపమును బోధించెను. ఉపాధ్యాయునకు శిక్షణయిచ్చువారు దినమునకొకమారు స్మరింపదగిన ఘట్టమిది. ఎదుటివారికి తెలిసినదానిని ముందు అడుగవలెను. దానికి తరువాయి చెప్పవలెను. ఆ ఉపాధ్యాయిని నాకు చేసినదియు అదియే. నా సంతను నాకు పూర్ణముచేసి ఇచ్చినది.

ఇక రెండవ ప్రశ్న. ఈ భారమెవరిది? మన పూర్వులు దీనిని గురువు నెత్తిన మాత్రమే పెట్టలేదు. తమిళదేశమున ఎణ్ణాయిరమను వైష్ణవక్షేత్రమున రాజేంద్రచోళుని కాలపు శాసనము, అనగా 11వ శతాబ్దిది, ఒకటి కలదు. అందు 340 మంది విద్యార్థులకును, 14 మంది అధ్యాపకులకును వడ్లు, బంగారము ఏర్పాటు చేయబడినవి. తిరుముక్కూడలులోని వేంకటేశ పెరుమాళ్ళ కోవెలలో 1067 నాటి వీరరాజేంద్రుని శాసనము వేదపాఠశాలకును, విద్యార్థుల వసతికిని, 15 పడకల వైద్యశాలకును కలిపి వ్యవస్థ చేసినది. అధ్యాపకుడు పొట్టకై పరుగులిడక తన గ్రంథమును తాను తిరిగి చూచుకొనుటకు తీరిక కలుగవలెనన్నచో ఇట్టి ఆదరువు వలయును. మా పాఠశాలలో పాడ్యమి, అష్టమి మొదలగు అనధ్యయనదినములలో మాకు పాఠము లేదు. ఆ దినములలోనే మా గురువుగారు శాస్త్రగ్రంథములను ముందిడుకొని గంటలకొలది కూర్చుండెడివారు. మాకు సెలవు, వారికి స్వాధ్యాయము. ఏటేట విద్వత్సదస్సులకు పోయి వాక్యార్థము చెప్పి, ఇతరుల వాక్యార్థము విని, క్రొత్త సందేహములతో తిరిగివచ్చెడివారు.

నేటి ప్రభుత్వములును ఈ ధర్మమును కాగితముపై అంగీకరించినవి. 1964-66 నాటి కొఠారీ కమీషను ప్రతి ఉపాధ్యాయునకును ఐదేండ్లకొకమారు రెండు మూడు నెలల శిక్షణ ఉండవలెనని సూచించినది. 1986 నాటి విద్యావిధానము వలన జిల్లా విద్యాశిక్షణ సంస్థలు వెలసినవి. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఏటికి కనీసము 50 గంటలు అని చెప్పినది. లెక్కించి చూచినచో అది వారమునకొక గంట మాత్రమే. ఆ గంటయు సుకరముగా దొరకుట లేదు. ఒక్క ఉపాధ్యాయుడే యున్న పల్లెబడిలో ఆయన శిక్షణకు పోయినచో బడికి తాళము పడును. పోనిచో ఆయన తెలివికి తాళము పడును. అందుచేత గంటలు విధించిన చేతులే బదులు ఉపాధ్యాయుని, దారిఖర్చును, బోధనేతరపు పనులనుండి విడుదలను కూడ ఇయ్యవలెను. అవి ఇయ్యక గంటలను మాత్రము అడుగుట న్యాయము కాదు.

గృహస్థులమగు మన వంతును కలదు. “పంతులుగారు మరల శిక్షణకని పోయినారట” అని ఎగతాళి చేయుట మానవలెను. తిరిగివచ్చిన పిదప క్రొత్తగా ఏమి తెలిసికొంటిరని ఆదరముతో అడుగవలెను. పదవీవిరమణ చేసిన నావంటివారు ఆ కొద్దిదినములు బడిని కనిపెట్టి యుండవచ్చును. అర్చకులు స్థలాంతరమునకు పోవలసినప్పుడు వేరొకరు ఆరాధన సాగింతురు కాని సన్నిధిని మూయరు గదా!

గత రెండేండ్లుగా మా ఊరి ప్రాథమిక పాఠశాలలో, అధికారుల అనుమతితో, ఉపాధ్యాయుడు శిక్షణకు పోయిన దినములలో నేను పిల్లలకు కథలు, పద్యములు చెప్పుచున్నాను. మొన్న ఒక బాలిక పుస్తకము తెరచి పకారవకారముల నడుమ చిక్కుకొని నా ముఖము చూచినది. పుస్తకము మూయుమని చెప్పి, పద్యమును నేనొకమారు అంటిని. ఆమె రెండుమారులు అన్నది. పిదప పలకపై ఒక్క అక్షరము వ్రాసి, ఆ ధ్వని పద్యములో ఎచ్చట వినవచ్చెనో చెప్పుమంటిని. ఆమె చెప్పినది. సాయంకాలము వరకు మూడక్షరములు కుదిరినవి.

1990లో నా యెదుట నిలుచున్న బాలుడు నేడు ఎచ్చటనున్నాడో నేనెరుగను. వానికి తీర్పలేని ఋణమును ఈ బాలికకు తీర్చుచున్నానని సమాధానపడజాలను. ఒకరి ఋణము మరియొకరికి చెల్లించినచో తీరదు. అయినను వానివంటి మరియొకడు నాయెదుట నిలిచిననాడు నేను మరల అదే మాట అనను. అంతమాత్రము నాకు నేర్పిన ఆ ఉపాధ్యాయినిని, మా గురువుగారిని స్మరించినప్పుడెల్ల, కలిపి స్మరించుచున్నాను.